ప్రవాసంలోనే పుట్టిన పంచరత్నాలు

త్యాగరాజస్వామి ఘనరాగ పంచరత్న కీర్తనలను పాడే వరుస ఇది: నాటలో ‘జగదానందకారక’, గౌళలో ‘దుడుకుగల’, ఆరభిలో ‘సాధించెనే’, వరాళిలో ‘కనకనరుచిరా’, శ్రీరాగంలో ‘ఎందరో మహానుభావులు’. మొదటిది సంస్కృతం, తక్కినవి తెలుగు. అన్నీ ఆదితాళంలోనే ఉంటాయి. వీణ మీద తానం వాయించడానికి బాగా ఒదిగే రాగాలు కాబట్టి వీటికి ఘనరాగాలని పేరు. ఇతర దేశాల్లో కర్ణాటక సంగీతం నేర్చుకునే తెలుగు పిల్లలు గీతాలూ వర్ణాలూ దాటాక ఎక్కాలనుకునే మెట్టు సాధారణంగా ఇదే.

ఇవి తెలుగు పాటలే అయినా తెలుగునేల మీద పుట్టినవి కావు. త్యాగరాజు పుట్టిన కాకర్లవారి కుటుంబం ఎప్పుడో కావేరీ తీరానికి వలస వెళ్లింది. త్యాగరాజు 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో జీవించి, 1847లో అక్కడే సిద్ధి పొందాడు. ఊరి భాష తమిళం, తంజావూరు ఏలిక మరాఠా, ఇంట్లో మాట మాత్రం తెలుగు. నేటి ప్రవాసాంధ్రుల ఇళ్లలో పరిస్థితి ఇంతకంటే భిన్నంగా ఏమీ లేదు, ఆ ఇంటి తెలుగులో కీర్తనలు పుట్టడం తప్ప. ఈ పాటలను నిలబెట్టినవాళ్లలో తెలుగు మాతృభాష కానివాళ్లే ఎక్కువ. ఆంధ్రదేశానికి ఇవి తిరిగి వచ్చిన దారుల్లో ముఖ్యమైనది ఒకటుంది. త్యాగరాజ శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య దగ్గర నేర్చుకున్న సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి కృష్ణాతీరానికి ఆ బాణీని తెచ్చాడు. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. త్యాగరాజుతో మొదలుపెట్టి లెక్కిస్తే బాలమురళి ఐదోవాడు.

పంచరత్నాలు వినేవాళ్లను కదిలించడానికి భక్తి ఒక్కటే కారణమనడం సగం మాటే. రచనలోనే ఒక ఉపాయం ఉంది. ప్రతి చరణాన్నీ ముందు స్వరాలుగా పాడి, వెంటనే అదే వరసలో సాహిత్యం పాడతారు. స‌రిగమలుగా ఒకసారి చెవిలో పడిన నడక, రెండోసారి మాటలు తొడుక్కుని వస్తుంది. ఈ అమరికలో తెలుగు రాని పిల్లకూ తెలుగు పండితుడికీ మొదటి సగంలో తేడా లేదు, ఇద్దరూ వినేది స్వరాన్నే. సాహిత్యం అందుకునేసరికి రాగం మనసులో అప్పటికే కుదురుకుని ఉంటుంది, అర్థం దాని మీద వచ్చి వాలుతుంది. భాష రాని స్నేహితులకు కర్ణాటక సంగీతం రుచి చూపించాలనుకునేవాళ్లు సాధారణంగా చిన్న కీర్తన కోసం వెతుకుతారు. నిడివి ఎక్కువైనా వాళ్లకు పంచరత్నాలే నయం.

అయితే దేనితో మొదలుపెట్టాలి? చాలామంది ప్రసిద్ధిని బట్టి శ్రీరాగ కీర్తన వినిపిస్తారు. పియానో చెవితో పెరిగినవాళ్లకు ఆరభి దగ్గరి దారి. సి మెట్టును షడ్జంగా పెట్టుకుంటే ఈ రాగం మొత్తం తెల్ల మెట్ల మీదే నడుస్తుంది. ఆరోహణలో గాంధార నిషాదాలు ఉండవు, అవరోహణలో వాటిని అలా తాకి దిగిపోవడమే. అందువల్లే ఆరభికి ఆ చురుకుదనం. సాహిత్యం కూడా అందుకు తగిందే. కృష్ణుడు దేవకీ వసుదేవులను ఎలా వేగించాడో, ఇంకా ఎవరెవరితో ఏమేం చేశాడో ఒక్కొక్క ఫిర్యాదుగా చెబుతూ, ప్రతి చరణం చివరా సమయానికి తగ్గట్టు మాట చెప్పి తప్పించుకున్నాడనే దెప్పిపొడుపుకు తిరిగి వస్తుంది. దేవుణ్ణి ఇంత చనువుగా నిలదీసే పాట విని పిల్లలు నవ్వితే, పాట వాళ్లకు అందినట్టే.

నాటలో నల్ల మెట్టు మీది షట్‌శ్రుతి రిషభం, దాని పక్కనే ఉన్న తెల్ల మెట్టు మీది అంతర గాంధారం ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. సభ మొదట్లోనే చెవిని లేపి కూర్చోబెట్టే గాంభీర్యం అక్కడిది. ఇక గౌళ రిషభం పియానోకు దొరకదు. షడ్జం పక్క నల్ల మెట్టు నొక్కితే వచ్చే స్వరం కంటే అది కాస్త కిందుగా, షడ్జాన్ని ఆనుకుని, ఊగుతూ ఉండాలి. గొంతుకో వీణకో ఫిడేలుకో సాధ్యమయ్యే స్వరమది. తన దుర్గుణాలను తానే ఏకరువు పెట్టి, ఇలాంటివాణ్ణి ఏ దొర కాపాడతాడని వాపోయే కీర్తనకు త్యాగరాజు ఈ రాగాన్ని ఎంచుకోవడం కాకతాళీయం అనిపించదు. ఆ రిషభం పలికినప్పుడల్లా గొంతు తలదించుకున్నట్టే ఉంటుంది. ఐదింటిలో ఎక్కువ గౌరవమూ తక్కువ ప్రేమా దక్కినది ఇదే కావచ్చు.

వరాళి కీర్తన మీద ఒక పాత నమ్మకం ఉంది: గురువు శిష్యుడికి ఆ రాగాన్ని ఎదురుగా కూర్చోబెట్టి నేర్పితే ఇద్దరికీ చెడుతుందట. విని పట్టుకోవాలి తప్ప పాఠం చెప్పించుకోకూడదు. రికార్డింగుల పుణ్యమా అని ప్రవాసంలో ఈ చిక్కు దానంతటదే తీరింది.

తిరువయ్యారులో పుష్య బహుళ పంచమినాడు జరిగే ఆరాధనలో త్యాగరాజు సమాధి ఎదుట పంచరత్నాలను గోష్ఠిగా పాడతారు. ఆ సమాధికి గుడి కట్టించి, అక్కడ స్త్రీలు పాడే హక్కు కోసం పట్టుబట్టింది బెంగళూరు నాగరత్నమ్మ. అమెరికాలో క్లీవ్‌లాండ్ ఆరాధన 1978లో మొదలైంది. అది తిథి ప్రకారం కాక, ఈస్టర్ సెలవుల ప్రాంతంలో జరుగుతుంది. చిన్న ఊళ్లలో తిథి సంగతి సరేసరి, హాలు దొరికిన శనివారమే పంచమి.

గోష్ఠిలో గమకాలు నలుగుతాయి. వందల గొంతుల మధ్య గౌళ రిషభం నల్ల మెట్టు దగ్గరికి జరిగిపోతుంది. పుట్టి పెరిగింది ఒహాయోలోనో టెక్సస్‌లోనో అయిన పిల్లలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్న కాగితం చూసి పాడతారు. అందులో ‘ల’కూ ‘ళ’కూ, ‘న’కూ ‘ణ’కూ తేడా ఉండదు. అందుకే మొదటిసారి వినేవాళ్లకు బాలమురళి ఒక్కడూ పాడిన రికార్డింగు మంచిది. మాట విరుపు తెలుగువాడి నోట ఎలా ఉంటుందో అందులో తెలుస్తుంది. గోష్ఠి పాడేవాళ్ల కోసం. తాళం వేస్తూ పక్కవాళ్ల గొంతు పట్టుకుని నడిచేవాడికి, తెలియని చరణం దగ్గర పెదవులు మాత్రమే కదిపే వెసులుబాటు కూడా అందులో ఉంది.