ఒక్క కప్పు కాఫీ, ఒక పూట కబుర్లు

కాఫీ సంగతిలో మన తెలుగువాళ్ళకు పట్టింపు జాస్తి. డికాక్షన్ చిక్కగా దిగాలి, పాలలో నీళ్ళు పడకూడదు, నురుగు గ్లాసు అంచుదాకా పొంగాలి. వీటిలో ఏది తగ్గినా ఇంటావిడ మొదలు హోటలువాడి దాకా అందరికీ అక్షింతలే. అటువంటి నాలుకను వెంటబెట్టుకుని కలకత్తా కాలేజీ వీధి కాఫీ హౌసుకు బయలుదేరేవారికి ముందుగా ఒక మాట చెప్పడం నా ధర్మం. కేవలం రుచి కోసమైతే అంతదూరం వెళ్ళనక్కర్లేదు.

మరెందుకు వెళ్ళాలంటారా? అదే మనవి చేస్తాను.

కాలేజీ వీధి పుస్తకాల వీధి. రోడ్డు పక్కన అడుగడుగునా దుకాణాలు, దుకాణాల నిండా గుట్టలు గుట్టలుగా పుస్తకాలు. ప్రెసిడెన్సీకి ఎదురుగా బంకిం చటర్జీ వీధిలోకి తిరిగి, పాత మేడ మెట్లెక్కితే పెద్ద హాలు. ఎక్కడో పైనున్న కప్పు నుంచి పొడుగాటి కడ్డీలకు వేలాడుతూ ఫాన్లు తిరుగుతుంటాయి. గోడమీద రవీంద్రుని పెద్ద పటం. పైన చుట్టూ మేడ వసారా, అక్కడా బల్లలే. తలపాగా చుట్టి, నడుముకు పటకా బిగించిన సర్వర్లు ట్రేలు పట్టుకుని కుర్చీల మధ్య నుంచి చేపపిల్లల్లా జారిపోతుంటారు. వీటన్నిటికంటే ముందు మనల్ని పలకరించేది చప్పుడు. వందమంది ఒక్కసారే మాట్లాడుతున్న చప్పుడు. తిరునాళ్ళలో తప్ప నేనెక్కడా అలాంటిది వినలేదు.

ఈ హాలుకు ఆ చప్పుడు కొత్తకాదు. 1876లో ఇది ఆల్బర్ట్ హాలు. సురేంద్రనాథ్ బెనర్జీ ప్రభృతులు ఆ ఏడాది జూలైలో ఇండియన్ అసోసియేషన్‌ను స్థాపించింది ఇక్కడే. కాంగ్రెసు పుట్టడానికి ఇంకా తొమ్మిదేళ్ళు ఉందన్నమాట. 1942లో కాఫీ బోర్డువారు ఇందులో కాఫీ హౌసు తెరిచారు. సత్యజిత్ రాయ్, మృణాల్ సేన్ వంటివారు ఈ బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళే. 1983లో మన్నా డే ఈ కాఫీ హౌసు మీద, ఇక్కడ చేరి చెదిరిపోయిన స్నేహితుల మీద ఒక పాట పాడారు. ఆ పాట వినని వంగదేశస్థుడు అరుదు.

నేను 'ఇన్ఫ్యూజన్' తెప్పించుకున్నాను. పాలు లేని నల్ల కాఫీకి అక్కడి పేరది. వేడిగా ఉంది, చేదుగా ఉంది, పంచదార వేసుకుంటే మర్యాదగానే గొంతు దిగింది. పక్క బల్ల దగ్గర అయిదుగురు కుర్రాళ్ళు, మూడే కప్పులు. గంట గడిచినా కప్పులు అవే, కుర్రాళ్ళూ వాళ్ళే, వాదన మాత్రం మూడోది. మన హోటల్లోనయితే ఈపాటికి బల్ల తుడిచే గుడ్డ వాళ్ళ మోచేతుల మీదికి వచ్చి ఉండేది. ఇక్కడ అదిలించే నాథుడే లేడు!

నాకు ఉండబట్టలేదు. మాకు కాఫీ తెచ్చిన పెద్దాయనను, "దాదా, ఇలా కూర్చోనిస్తే మీకు నష్టం కాదూ?" అని వచ్చీరాని హిందీలో అడిగాను.

ఆయన ఆ బల్లకేసి చూసి నవ్వాడు. "నష్టమే బాబూ. కానీ వీళ్ళు కూర్చోబట్టే ఇది ఇంకా ఉంది" అన్నాడు.

ఆ మాట వెనక పెద్ద కథే ఉంది. 1950ల నడిమిలో కాఫీ బోర్డువారు దేశంలోని తమ కాఫీ హౌసులు మూసెయ్యాలని నిశ్చయించారు. పనివాళ్ళు వీధిన పడ్డారు. కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ వాళ్ళను కూడగట్టి, మీ హోటళ్ళు మీరే నడుపుకోండి అన్నారు. 1957 ఆగస్టులో బెంగుళూరులో మొదటి సహకార సంఘం ఏర్పడింది. అక్టోబరులో ఢిల్లీలో, 1958 మార్చిలో త్రిశ్శూరులో సంఘాలవారి కాఫీ హౌసులు తెరుచుకున్నాయి. 'ఇండియా కాఫీ హౌస్' కాస్తా 'ఇండియన్ కాఫీ హౌస్' అయింది. పేరులో మారింది ఒక్క అక్షరమే, మారిన యాజమాన్యం మాత్రం ఇంతా అంతా కాదు. నిన్నటిదాకా ట్రే మోసినవాడు ఇవాళ వాటాదారు.

కాలేజీ వీధి హౌసు కూడా 1958లో మూతపడింది. అప్పుడు ప్రెసిడెన్సీ, కలకత్తా విశ్వవిద్యాలయం ఆచార్యులు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. అదే ఏడు తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. ఒక హోటలు కోసం ఆచార్యులు అర్జీ పెట్టారంటే, అది ఒట్టి హోటలు కాదన్నమాట! పెద్దాయన నవ్వుకు అర్థం అప్పుడు తెలిసింది.

ఇదే కుటుంబంలోని మరో కాఫీ హౌసును తిరువనంతపురంలో చూశాను. తంపానూరు బస్ స్టాండు పక్కన ఎర్ర ఇటుకల గుండ్రటి కట్టడం. ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడిన లారీ బేకర్ దాని శిల్పి. లోపల అంతస్తులంటూ లేవు. శంఖంలోపలి దారిలా నేల మెలి తిరుగుతూ పైకి పోతుంది. గోడవారనే కట్టుడు బల్లలు, కట్టుడు అరుగులు. గోడలో ఇటుకలు వదిలిన సందుల్లోంచి గాలీ వెలుగూ వస్తాయి. కింది నుంచి పైదాకా ట్రే పట్టుకుని ఎక్కే సర్వర్ల కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. ఇక్కడ మసాలా దోశ విప్పితే లోపల బీట్‌రూట్ ఎర్రగా పలకరిస్తుంది. మొదట ఉలిక్కిపడతాం, రెండో ముక్కకు రాజీపడతాం. ఇది రైలుకూ బస్సుకూ మధ్య మజిలీ. గంటలకొద్దీ కూర్చునేవాళ్ళు తక్కువ. అయినా, లెమ్మనేవారు ఇక్కడా లేరు.

మనకు గింజలకు కొదవలేదు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. తాగేవాళ్ళకు కొదవలేదు, కబుర్లకు అసలే లేదు. కాని మన ఊళ్ళలో కాఫీ చాలాచోట్ల నిలబడి తాగేదైపోయింది. గ్లాసు ఖాళీ అయితే మనిషి కూడా ఖాళీ చెయ్యాల్సిందే. ఒక్క కప్పుకు డబ్బిచ్చి ఒక పూట కూర్చోగలిగిన కుర్చీ ఊరికొకటి ఉన్నా చాలు. డికాక్షన్ కొంచెం పల్చబడినా నేను సణగనని పాఠకుల ఎదుట మాటిస్తున్నాను.