రోహిణి ఎండ... రాతి సీమ

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. తెలుగువాళ్లకు కొత్త మాటేమీ కాదు. కానీ ఆ మాట ఒంటికి తెలియాలంటే మే నెలాఖరులో కడప జిల్లా జమ్మలమడుగు వెళ్లాలి.

ఇక్కడ ఎటు చూసినా రాయే. ఇంట్లో పరిచిందీ, అరుగు మీద వేసిందీ నాపరాయే. దొడ్డి చుట్టూ నిలువునా పాతినవీ బండలే. 'కడప బండ' పేరుతో ఊళ్లు దాటి వెళ్లే సున్నపురాయి ఈ చుట్టుపక్కలదే. కాస్త దూరంలోని గండికోట దగ్గర పెన్నా నది ఎర్రటి కొండల్నే కోసుకుంటూ పోయింది. పొద్దుటి నుంచీ కాగిన రాయి పొద్దుగూకినా చల్లారదు. రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చున్నా వెచ్చగానే తగులుతుంది. ఊరి పేరులో మాత్రం జమ్ము, మడుగు! జమ్ము మొలిచిన మడుగు వల్ల ఆ పేరు వచ్చిందంటారు. వేసవిలో పెన్న ఇసుకను చూస్తే నమ్మబుద్ధి కాదు.

ఇంతకీ ఎవరీ రోహిణి? 27 నక్షత్రాల్లో నాలుగోది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు ఒక కార్తె. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలై జూన్ 7 దాకా ఉంటుంది. రోహిణి అంటే ఎర్రనిది అని అర్థం. వృషభ రాశిలో ఎర్రగా మెరిసే చుక్క అదే. తమాషా ఏమిటంటే, తన కార్తెలో ఆ చుక్క మనకు కనిపించదు. సూర్యుడి వెలుగులో కలిసిపోతుంది.

మరో తిరకాసు ఉంది. జమ్మలమడుగులో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏప్రిల్ నెలాఖరులో. మరి ఎండ నెల తర్వాత ముదరడమేమిటి? పొయ్యి వెలిగించగానే పెనం కాలదు కదా, నేలా అంతే. రోజుకింత వేడి తాగుతూ పోతుంది. తేమంతా ఇగిరిపోయాక ఆ వేడి గాలికెక్కుతుంది. ఆగస్టులో సూర్యుడు మళ్లీ నడినెత్తికి వస్తాడు కానీ అప్పటికి మబ్బులుంటాయి.

రోళ్లు నిజంగా పగులుతాయా? ఉత్త ఎండకే రెండు ముక్కలైపోవు. రాయి వేడిని లోపలికి తొందరగా పంపదు. పైపొర వ్యాకోచిస్తే లోపలిది వ్యాకోచించదు, పాత బీట ఉంటే పెద్దదవుతుంది. కాలిన రోట్లో చన్నీళ్లు పోస్తే మరీ ప్రమాదం. పైగా కారం దంచడం, ఊరగాయలకు పొడులు కొట్టడం... రోలుకు చాకిరీ ఎక్కువ ఉండేది వేసవిలోనే. రోహిణికీ రోలుకీ అక్షరం కలవడం కూడా ఈ మాట నిలవడానికి కారణమని నాకనిపిస్తుంది.

రాయి సంగతి సరే, మనిషి మాటేమిటి? 2015 మే ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. సరిగ్గా రోహిణి దగ్గరపడిన రోజులవి. బండల గనిలో పనిచేసేవాళ్లకు పైన ఎండ, కింద కాలే రాయి. చెట్టు నీడ కూడా దొరకదు. వాళ్లకు ఈ సామెత చమత్కారం కాదు. తెల్లవారకముందే పనిలోకి దిగి, ఎండ ముదరకముందే పైకి రమ్మనే హెచ్చరిక.

గండికోట చూడాలనుకునేవాళ్లు నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య వెళ్లండి. పిల్లల సెలవులని వేసవిలోనే బయల్దేరితే మాత్రం సూర్యోదయానికే లోయ అంచుకు చేరి, తొమ్మిదింటికల్లా వెనక్కి వచ్చేయండి. నీళ్ల సీసాలు ఇంటి దగ్గరే నింపుకోండి.