ఆట కోసం కొత్త ఫోనా? ముందు లెక్క చూచుకుందాం



పిల్లవాడు అడిగిన ఆట ఇంట్లో ఉన్న ఫోనులో పనిచేస్తుందా లేదా అన్నది పైకి చిన్న సంగతిగా కనిపిస్తుంది. రెక్కల కష్టంమీద బతికే ఇంట్లో అది చిన్న సంగతి కాదు. 2021 జూలైలో మా సంఘంలో జరిగినది చెబుతాను.

అవి కరోనా రోజులు. బడులు మూతపడి ఉన్నాయి. మన కృష్ణా డెల్టాలో సార్వా నాట్లు మొదలయ్యాయి. సండేస్కూలుకు వచ్చే ఎనిమిదో తరగతి అబ్బాయి తల్లి ఒక సాయంత్రం పొలంనుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. "మాస్టారూ, మావాడు రెండు రోజులనుంచి సరిగా అన్నం తినటంలేదండి. ఏదో ఆట వచ్చిందంట, ఈ ఫోనులో ఎక్కటంలేదంట. బెజవాడ వెళ్ళి కొత్తది కొనమని ఒకటే గోల. డ్వాక్రాలో అప్పు అడుగుదామా అనుకుంటున్నానండి" అంది.

పబ్జీతోసహా 118 యాప్‌లను కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న నిషేధించింది. తరువాత మన దేశం కోసమని బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అనే ఆట 2021 జూలై 2న విడుదలైంది. అబ్బాయి అడుగుతున్నది అదే.

అబ్బాయిని పిలిపించి ముగ్గురం కూర్చున్నాం. ఫోను సెట్టింగ్స్‌లో చివర 'ఎబౌట్ ఫోన్' అని ఉంటుంది. అక్కడ చూస్తే ఆండ్రాయిడ్ 5.1 అని ఉంది. ర్యామ్, అంటే ఫోను పని చేసుకోవడానికి ఉండే జాగా, 1 జీబీ. ఆ ఆటకు కనీసం ఆండ్రాయిడ్ 5.1.1, 2 జీబీల ర్యామ్ ఉండాలని తయారుచేసినవారు అప్పట్లో ముందే ప్రకటించారు. ఫోను చెడిపోలేదు. ఆ ఆట అడిగినంత బలం దానికి లేదు, అంతే.

"మా ఫ్రెండు ఫైలు పంపుతాడంటండి. ప్లే స్టోరుతో పనిలేకుండా ఎక్కించుకోవచ్చంట" అన్నాడు అబ్బాయి. బయటి ఫైలు వచ్చినంతమాత్రాన 1 జీబీ 2 జీబీలు కాదని చెప్పాను. అంతకన్న ముఖ్యం, వాళ్ళమ్మకు బ్యాంకు ఓటీపీలు వచ్చేది ఆ ఫోనుకే. ఎవరో పంపిన ఫైలులో దొంగ దాగి ఉంటే ఆ కష్టార్జితం పోతుంది.

కాసేపటికి వాడు తలవంచుకుని, "సాయంత్రమైతే కాలవగట్టుమీద అందరూ ఆడతారండి. నేనొక్కణ్ణే చూస్తా కూర్చుంటానండి" అన్నాడు. అప్పుడు అర్థమైంది, వాడి బాధ ఆట గురించి మాత్రమే కాదు, ఒంటరితనం గురించి. ఆ మాటకు వాళ్ళమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాణ్ణి మందలించాలని నాకు అనిపించలేదు.

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయంలో చెప్పిన ఉపమానం మనకు తెలిసినదే. అబ్బాయి చేతికే కాగితం ఇచ్చాను. ఫోను 10,000 రూపాయలు. వాళ్ళమ్మ నాటు కూలి రోజుకు 300. వాడే భాగించాడు. 33 రోజులు దాటింది. ముప్పై మూడు రోజులు అమ్మ బురదలో నడుం వంచితే ఒక ఫోను. వాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పాఠాలు మటుకు ఇందులో వస్తాయి కదండీ?" అని అడిగాడు. వాట్సాప్ దానిలో చక్కగా పనిచేస్తోంది. ఒక యాప్ వద్దన్న ఫోను మరొక యాప్‌కు పనికివస్తుంది. అప్పు ఆలోచన అక్కడితో ఆగింది. ఆగస్టు 16న బడులు తెరిచారు. అప్పటివరకు ఆదివారం సాయంత్రాలు నలుగురు పిల్లల్ని పోగుచేసి మా వాకిట్లో క్యారమ్స్ ఆడించాను. రెండో వారం వాడు తన స్నేహితుణ్ణి కూడా వెంటబెట్టుకు వచ్చాడు.

తరువాత ఆ ఆటను 2022 జూలైలో ప్లే స్టోరునుంచి తీసివేశారు. 2023 మేలో మళ్ళీ వచ్చింది. ఆట వస్తుంది, పోతుంది. అప్పు వాయిదా అలా కాదు.

తల్లిదండ్రులారా, కొనేముందు ఫోనులోని ఆండ్రాయిడ్ నంబరు, ర్యామ్ చూడండి. ప్లే స్టోరులో ఆ ఆట పేజీ తెరవండి. ఫోనుకు సరిపడకపోతే అక్కడే చెబుతుంది. తప్పక కొనవలసివస్తే, ఎన్ని సంవత్సరాలు కొత్త ఆండ్రాయిడ్ ఇస్తారో దుకాణంలో అడగండి. 2023 అక్టోబరులో గూగుల్ తన పిక్సెల్ 8 ఫోనుకు 7 సంవత్సరాలు ఇస్తామని ప్రకటించింది. అది ఖరీదైన ఫోను. తక్కువ ధర ఫోన్లకు సాధారణంగా అన్నేళ్ళు ఇవ్వరు.

ఫోనుకు ఏమి సరిపోతుందో నంబరు చూస్తే తెలుస్తుంది. బిడ్డకు ఏమి కొరతగా ఉందో పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. అలా కూర్చునే ఓర్పును ప్రభువు మన ఇళ్ళన్నిటికీ దయచేయును గాక. ఆమేన్.