ముందా రౌటర్ని టీవీ వెనక నుంచి తీయండి

మీ ఇంట్లో రౌటరు ఎక్కడుందో చూడకుండానే చెప్పనా? టీవీ వెనక. కాదా? అయితే వీధి తలుపు పక్కన, చెప్పుల స్టాండు పైన. ఔను కదూ! ఇందులో జ్యోతిషం ఏమీ లేదండీ. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు స్తంభం మీంచి వైరు లాగాడు, కిటికీ సందులోంచి లోపలికి తెచ్చాడు, అది ఎక్కడిదాకా అందితే అక్కడ గోడకి రెండు స్క్రూలు బిగించాడు. "ఇక్కడ పెట్టెయ్యనా అండీ?" అన్నాడు. మీరేమో స్టవ్ మీద పాలు చూసుకుంటూ "ఎక్కడో ఒకచోట పెట్టు బాబూ" అన్నారు. ఇంటిల్లిపాది వైఫై యోగం ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

ఇక మొదలు. పడకగదిలో సిగ్నల్ సగమే. మేడ మీద సున్నా. అబ్బాయి ఆఫీసు మీటింగులన్నీ మెట్ల మీదే. అమ్మమ్మగారు డాలస్‌లో మనవరాలి మొహం చూడాలంటే మోకాళ్ళు పట్టుకుని హాల్లోకి రావాలి. అందరూ కలిసి కంపెనీవాళ్ళని తిట్టడం, 100 ఎంబీపీఎస్ ప్లాన్ మార్చి 300 వేసుకోవడం! డబ్బు దండగండీ బాబూ. నెట్టు మీ గుమ్మం దాకా భేషుగ్గా వస్తోంది. గుమ్మం నుంచి మంచం దాకా రావడం దగ్గరే తంటా అంతా. ఆ కాస్త దూరం మాత్రం మన చేతుల్లో పని. నన్నడిగితే, ఇంట్లో చేసుకునే పనుల్లో ఇంత సరదా అయినది ఇంకోటి లేదు.

రౌటరుకి ఏం కావాలి? ఇంటి నడిమధ్య చోటు కావాలి. మనిషి తలకంటే ఎత్తు కావాలి. చుట్టూ గాలి కావాలి. అంతే, దాని కోరికలు చాలా చిన్నవి. అయినా షోకేసులో పెట్టి అద్దం తలుపేసేవాళ్ళున్నారు. దుమ్ము పడుతుందని కుట్టుపని చేసిన గుడ్డ కప్పేవాళ్ళున్నారు. మే నెల ఎండల్లో అది లోపల ఉడికిపోతోందండీ, తీసెయ్యండి! "మరి ఫైబరు వైరు అక్కడిదాకానే ఉందే" అంటారా? ఉండనివ్వండి. ఆ కంపెనీ డబ్బాని గుమ్మం దగ్గరే ఉంచండి. దాంట్లోంచి ఒక ల్యాన్ కేబుల్ ఇంటి మధ్యకి లాగి, దాని చివర మీ రౌటరు పెట్టండి. ఫైబర్ని మాత్రం మీరు మడిచి మూలకి తొయ్యకండి. అందులో నడిచేది వెలుతురు. వైరు బాగా ఒంగితే ఆ ఒంపు దగ్గర వెలుతురు కారిపోతుంది.

గోడల సంగతి చెప్పాలి. రౌటరు డబ్బా మీద ఇన్ని వేల చదరపు అడుగులకి సరిపోతుందని రాసి ఉంటుంది చూశారూ, అది మన ఇళ్ళని చూసి రాసిన మాట కాదు. అమెరికాలో చాలా ఇళ్ళకి లోపలి గోడలంటే చెక్క చట్రం, దానికి రెండు పక్కలా జిప్సం పలకలు. సిగ్నల్ హాయిగా దూరిపోతుంది. మనదో? తొమ్మిదంగుళాల ఇటుక గోడ, రెండు పక్కలా సిమెంటు పూత, పైన ఇనప చువ్వలు పరిచి పోసిన స్లాబు. ఇది చాలదన్నట్టు గోడకి ఆనించి నిలువుటద్దం ఉన్న స్టీలు బీరువా. పక్కనే ఫ్రిజ్. ఇనుము సిగ్నల్‌ని వెనక్కి కొడుతుంది, నీళ్ళు తాగేస్తాయి. రౌటరుకీ మీ మంచానికీ మధ్య బీరువా ఉందా? ఏ ఇంజినీర్ని పిలవకుండానే దాన్ని రెండడుగులు పక్కకి జరిపి చూడండి.

వైఫైలో మనం ఎక్కువగా వాడే తరంగాలు రెండు రకాలు. 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి, 5 గిగాహెర్ట్జ్ ఇంకోటి. మొదటిది గోడలు దాటుకుని దూరం వెళ్తుంది, కానీ నిదానం. రెండోది మహా వేగం, ఒక గోడ దాటేసరికి నీరసపడుతుంది. ఈ రెండోదానిలో చాలా భాగాన్ని లైసెన్సు గొడవ లేకుండా వాడుకోవచ్చని మన ప్రభుత్వం 2018లో చెప్పింది. హాల్లో టీవీకి 5, పెరట్లో పంపు దగ్గర ఫోనుకి 2.4. అలా సర్దుకుంటాయి.

యాంటెన్నాల గురించి ఒక్క మాట. వాటిని మీ గది వైపు గురిపెట్టి వంచేస్తున్నారు చాలామంది. అలా కాదండీ! యాంటెన్నా చుట్టూ సిగ్నల్ గారె ఆకారంలో పరుచుకుంటుంది. గారె మధ్య చిల్లులో యాంటెన్నా నిలబడి ఉందనుకోండి. దాని కొస ఎటు చూపిస్తుందో అటే సిగ్నల్ తక్కువ. అందుకే ఒక అంతస్తు ఇల్లయితే అన్నీ నిటారుగా నిలబెట్టండి. మేడ మీదికి కూడా కాస్త కావాలంటే ఒకదాన్ని అడ్డంగా పడుకోబెట్టండి. ఖర్చు లేదు, పైగా ఫలితం అప్పటికప్పుడు కళ్ళకి కనబడుతుంది.

కళ్ళకి కనబడటమేమిటంటారా? ఆండ్రాయిడ్ ఫోన్లో వైఫై కొలిచే యాప్ ఏదైనా వేసుకోండి. సిగ్నల్ బలం అంకెల్లో చూపిస్తుంది, మైనస్‌లో. రౌటరు కింద నిలబడితే మైనస్ 35, 40. మైనస్ 67 దాకా వీడియో కాల్ ఇబ్బంది లేకుండా నడుస్తుంది. మైనస్ 80 అయితే ఆశ వదులుకోండి. పది అంకెలు దిగితే బలం పదో వంతుకి పడిపోయిందని లెక్క. మైనస్ 50కీ మైనస్ 80కీ తేడా ముప్ఫై అని తేలిగ్గా తీసుకుంటాం, నిజానికి అది వెయ్యి రెట్లు! ఆ ఫోను పట్టుకుని ఇల్లంతా మెల్లగా తిరగండి. గడప దాటగానే నాలుగు దిగుతుంది. బీరువా వెనక్కి వెళ్తే గబుక్కున పడిపోతుంది. తలుపు తీసి చూడండి, వేసి చూడండి. పిల్లలకి ఫోనిచ్చి "ఇంట్లో అన్నిటికంటే తక్కువ ఎక్కడుందో కనిపెట్టు" అంటే ఆదివారం మధ్యాహ్నం మీకు నిద్ర దొరుకుతుంది.

అపార్ట్‌మెంట్లో ఉన్నారా? అయితే మీకు ఇంకో వేడుక. ఆ యాప్‌లోనే ఇరుగుపొరుగు రౌటర్లన్నీ వరసగా కనబడతాయి. 2.4లో మనకి పదమూడు ఛానళ్ళున్నాయి గానీ, ఒక్కోటీ పక్కవాటి మీదికి ఒరిగిపోతుంది. ఒకదాన్నొకటి తాకకుండా ఉండేవి మూడే: 1, 6, 11. వీటిలో ఏది ఖాళీగా ఉంటే అది పట్టుకోండి. ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంచండి. 40 పెడితే ఎక్కువ వేగం వస్తుందని ఎవరో చెప్తారు. నలుగురున్న చోట అది మీకూ మేలు చేయదు, పక్కింటివాళ్ళకీ చేయదు. అన్నట్టు మీ వంటింట్లో మైక్రోవేవ్ ఓవెను కూడా ఇంచుమించు 2.45 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తుంది. దాని పక్కన రౌటరు పెట్టి, సాంబారు వేడయ్యేలోపు సీరియల్ ఆగిపోయిందని నన్నడక్కండి!

దారి తప్పుతున్నాను గానీ, ఈ కథ చెప్పకుండా ఉండలేను. హాల్లోంచి బయల్దేరిన తరంగం గోడకీ, అద్దానికీ, సీలింగుకీ కొట్టుకుని, ఒకే కబురు నాలుగైదు ప్రతులై ఒకదాని వెనక ఒకటి మీ ఫోనుకి చేరుతుంది. అన్నీ కలగాపులగం. దీన్ని విడదీసే పద్ధతుల్లో ఒకటి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? ఆస్ట్రేలియాలో జాన్ ఓసల్లివన్ అని ఒక రేడియో ఖగోళ శాస్త్రవేత్త ఉన్నారు. చిట్టి కృష్ణబిలాలు పేలిపోతాయని స్టీఫెన్ హాకింగ్ ఊహించారు కదా, ఆ పేలుళ్ళ రేడియో చప్పుడు కోసం ఈయన 1970ల్లో వెతికారు. అది దొరకలేదు. చెల్లాచెదురైన సిగ్నల్‌ని ఏరడానికి వాడిన గణితం మాత్రం చేతిలో మిగిలింది. తర్వాత సీఎస్ఐఆర్ఓ అనే పరిశోధన సంస్థలో తోటివాళ్ళతో కలిసి అదే విద్యని గదుల్లో ప్రతిధ్వనుల మీద ప్రయోగించారు. 1996లో అమెరికా పేటెంటు వచ్చింది. ఆ మరుసటేడు వైఫైకి మొదటి ప్రమాణం వెలువడింది, దాని వేగం సెకనుకి 2 మెగాబిట్లు! అక్కణ్ణుంచి ఎక్కడికొచ్చామో చూడండి. ఆకాశంలో వెతికినవాడి లెక్కలు మీ బీరువా చాటున పనిచేస్తున్నాయి. ఎంత బావుందో కదా!

సరే, మేడ సంగతికి వద్దాం. అసలు కిటుకు ఇక్కడే ఉంది. రెండంతస్తుల ఇంటికి కింద ఎంత ఖరీదైన రౌటరు పెట్టినా స్లాబు దాటి పైన అన్ని గదులకీ చాలదు. రిపీటరు కొందామా అంటారు. వద్దండీ. మామూలు రిపీటరు కింది మాట విని పైకి చెప్పాలి, పైమాట విని కిందికి చెప్పాలి, రెండూ ఒకే తరంగం మీద. వేగం సగానికి పడుతుంది. పైగా అసలు సిగ్నలే అందని చోట దాన్ని తగిలిస్తే అదేం వింటుంది, ఏం చెప్తుంది? నా మాట విని మేడ మీదికి ఒక క్యాట్ 6 కేబుల్ లాగించండి. వంద మీటర్ల దాకా గిగాబిట్ వేగంతో నడుస్తుంది, మీ మేడ ఎంతెత్తుంటుందేమిటి! దాని చివర ఇంకో రౌటరుని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. కింద ఏ పేరు, ఏ పాస్‌వర్డు పెట్టారో పైనా అవే. ఫోను జేబులో పెట్టుకుని మెట్లెక్కితే అదే మారిపోతుంది. కొన్ని ఫోన్లు మొండికేసి కిందిదాన్నే పట్టుకుని వేలాడతాయి. వైఫై ఒకసారి ఆపి మళ్ళీ వేస్తే దారికొస్తాయి.

కేబుల్ కొనేటప్పుడు జాగ్రత్త. కొట్టువాణ్ణి ఒక జానెడు ముక్క అడిగి, లోపలి తీగని చాకుతో గీకి చూడండి. లోపల కూడా రాగి రంగే ఉంటే మంచిది. తెల్లగా మెరిసిందా, అది అల్యూమినియం మీద రాగి పూత. చవగ్గా ఇస్తానన్నా వద్దనండి. ఇక చివర ఆర్‌జే45 కనెక్టరు బిగించే పని చూడటం నాకెంత ఇష్టమో! పైతొడుగు వలిస్తే నాలుగు జంటలు మెలిపెట్టుకుని ఉంటాయి. మెలికలు విప్పి, తీగలు తిన్నగా సాగదీసి, వరస పేర్చాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. కొసలు సమంగా కత్తిరించి లోపలికి తోసి, క్రింపింగ్ ప్లయరుతో కటుక్కున నొక్కాలి. ఎనిమిదీ సరిగ్గా తగలాలి సుమండీ. నాలుగే తగిలినా నెట్ వస్తుంది, కానీ 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. 300 ప్లాన్ కట్టి ఎప్పుడూ 95 మాత్రమే చూస్తున్నవాళ్ళు ముందు ఆ కొసని పరీక్షించండి.

గోడలు పగలగొట్టాలేమోనని భయపడకండి. పాత కేబుల్ టీవీ పైపు ఉంటుంది కదా, ఆ పాత వైరు కొసకి కొత్తది గట్టిగా కట్టి అవతలి నుంచి లాగితే చాలాసార్లు వచ్చేస్తుంది. కరెంటు వైర్లున్న పైపులోకి మాత్రం దూర్చొద్దు. ఇల్లు కొత్తగా కడుతున్నారా? అదృష్టవంతులు! స్లాబు పోసేముందు ప్రతి గదికీ ఒక ఖాళీ పైపు వేయమని మేస్త్రీకి ఇవాళే చెప్పండి. హాలు సీలింగుకీ ఒకటి.

కరెంటు పోతే నెట్టూ పోవాలని ఎవరన్నారు? మీ వీధి స్తంభం మీద ఫైబర్ని పంచే చిన్న డబ్బాకి కరెంటే అక్కర్లేదు, అద్దం ముక్కల్లోంచి వెలుతురు చీలిపోతుంది, అంతే. అవతల కంపెనీ గదిలో బ్యాటరీలున్నంతసేపు నెట్ నడుస్తూనే ఉంటుంది. ఆగేవి మీ ఇంట్లో డబ్బాలే. ఒక మినీ యూపీఎస్ కొనండి. కొనేముందు అడాప్టర్ల మీద ఎన్ని వోల్టులో, ఎన్ని ఆంపియర్లో చదవండి. చాలావాటికి 12 వోల్టులు ఉంటుంది, కొన్నిటికి 9. ఫైబరు డబ్బాకీ, రౌటరుకీ రెండింటికీ ఇవ్వాలి, ఒకదానికిస్తే లాభం లేదు. వేసవి గాలివానకి ఊరంతా చీకటైనా ఫోన్లో ఆఖరి ఓవరు ఆగకుండా చూస్తుంటే ఆ మజాయే వేరు. డబ్బా మీద ఎల్ఓఎస్ అన్న దగ్గర ఎర్రలైటు వెలిగితే మాత్రం పదిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసి ప్రయోజనం లేదు. చాలాసార్లు బయట ఫైబరు తెగినట్టే. కోతుల పనో, లారీ పనో. ఫోన్ చేసి కుర్రాణ్ణి పిలవండి.

ఇక తాళం. రౌటరు అడ్మిన్ పాస్‌వర్డు ఇంకా "అడ్మిన్" అనే ఉందా? రామరామ! ముందది మార్చండి. వైఫైకి డబ్ల్యూపీఏ2 లేదా 3 పెట్టండి. పాస్‌వర్డు 8 అక్షరాల నుంచి 63 దాకా ఉండొచ్చు, కాబట్టి పుట్టినరోజు తేదీ ఎందుకండీ, నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో కలిపి రాయండి. సంక్రాంతికి దిగే చుట్టాల పిల్లల కోసం గెస్ట్ నెట్‌వర్క్ వేరే పెట్టి, దాని క్యూఆర్ కోడ్ అచ్చేసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. "పెద్దమ్మా, పాస్‌వర్డ్" అని వంటింట్లోకి ఒక్కడూ రాడు.

పేరు సంగతి మర్చిపోయా! కంపెనీ ఇచ్చిన అంకెల పేరు ఉంచెయ్యకండి, వీధిలో అందరికీ కనబడేది అదే. మా వైపు "గోంగూర" ఉంది, "పాస్‌వర్డ్ అడగొద్దు" ఉంది, "మూడో అంతస్తు మామయ్య" కూడా ఉంది. మరి మీరేం పెడుతున్నారు?