వంటింటి తెలుగుకీ చోటుంది!

"ఇంతకీ ఎంతిస్తారేమిటి?" అన్నారు మా వారు. ఏమీ ఇవ్వరన్నాను. పేపరు మడిచి నావైపు అదోలా చూశారు. పైసా రాని చాకిరీ మనకేమన్నా కొత్తా చెప్పండి! కాకపోతే ఇక్కడ "బాగా రాశారండీ" అనేవాళ్ళున్నారు.

నేను చేసేది ఫైర్‌ఫాక్స్‌కి తెలుగు మాటలు రాయడం. కంప్యూటర్లోనూ ఫోన్లోనూ ఇంటర్నెట్ చూడ్డానికి వాడే బ్రౌజరది. 2004లో వచ్చింది. దాని వెనకున్న మొజిల్లా ఫౌండేషన్ లాభాపేక్ష లేని సంస్థ. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ని ఓపెన్ సోర్స్ అంటారు. పత్రికల్లో ముగ్గు వేసి, పక్కనే ఎన్ని చుక్కలో ఎన్ని వరుసలో లెక్క ఇస్తారు చూడండి, అలాగన్నమాట. లోపలి అల్లిక దాచరు. ఎవరైనా వేసుకోవచ్చు, ఓ రేకు కలుపుకోవచ్చు.

ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి నన్ను ఇందులోకి దించింది. నాదేమో ఇంటర్ చదువు. ఏ సంఘానికి వెళ్ళినా ముందు "ఏం చదివారు?" అంటారు, ఆ తర్వాత కుర్చీలు సర్దమంటారు. ఇక్కడ ఆ ప్రశ్నే రాలేదు. పొంటూన్ అని ఒకచోట ఈమెయిలుతో చేరాలి. ఇంగ్లీషు వాక్యం, దాని కింద ఖాళీ గడి. మనం రాసిన తెలుగు సూచనగా చేరుతుంది. అనుభవం ఉన్నవాళ్ళు చూసి ఆమోదిస్తారు. మార్చాలనిపిస్తే ఎందుకో చెబుతారు. కుకీలంటే బిస్కెట్లనుకునేరు! మనం చూసిన సైటు మన కంప్యూటర్లో దాచుకునే చిన్న చీటీలట.

పని తేలికేం కాదు. ఇంగ్లీషులో నాలుగక్షరాల మాట తెలుగులో బారెడవుతుంది, బటన్‌లో పట్టదు. అన్నిటికంటే పెద్ద చర్చ "తొలగించు" అనాలా, "తొలగించండి" అనాలా అని. నాకు తోచింది రాశాను. బటన్ నొక్కేది మనం, అంటే మరకి మనం పని చెబుతున్నట్టు. అక్కడ "తొలగించు" చాలు. మర మనతో మాట్లాడేటప్పుడు మాత్రం "అండి" ఉండాల్సిందే. దాన్ని చదివేది మా అత్తగారి వయసువాళ్ళు కావచ్చు కదా! మా అమ్మాయి ఈడు కుర్రాడొకడు "ఆంటీ, మేమెవరం ఇలా ఆలోచించలేదు" అని జవాబు రాశాడు. ఆ రోజు పులుసులో ఉప్పు ఎక్కువైందని మా వారు అన్నా నాకు వినబడలేదు.

అత్తగారి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆవిడ ఫోన్లో పురాణాలు చదువుతారు. మధ్యలో ఏదో ప్రశ్న ఇంగ్లీషులో అడ్డొస్తుంది. అది పోతే చాలని ఏదో ఒకటి నొక్కేస్తారు. అది అడిగేదేమిటి? 'మీరెక్కడున్నారో ఈ సైటుకి చెప్పమంటారా?' అని. అంటే అర్థం కాని ప్రశ్నకి ఒప్పేసుకుంటున్నామన్నమాట. అందుకే ఆ రెండు బటన్ల మీద మాటలు నాకంత పట్టుదల.

వద్దనడానికి "నిరోధించు" అని ఒకరు రాశారు. అత్తగారికి చదివి వినిపించాను. "అదేమిటే, కుటుంబ నియంత్రణవాళ్ళ మాటలా ఉంది!" అన్నారు. నవ్వాపుకుని ఆ సంగతి కాస్త మర్యాదగా మార్చి అక్కడ రాశాను. "వద్దు" అంటే చాలదా అని అడిగాను. ఇదే మాట ఇంకా చాలాచోట్ల వస్తుంది, అన్నిచోట్లా ఒకేలా ఉండాలి, అక్కడ "వద్దు" పొసగదేమో అన్నారు. సబబైన మాటే. "అనుమతించవద్దు" అని మరొకరు. అది బటన్‌లో పడుతుందా అని ఇంకొకరు.

ఇంకా తేలలేదు. కానీ ఈమధ్య ఏదైనా మాట దగ్గర చిక్కుపడితే వాళ్ళే అడుగుతున్నారు, "ఆంటీ, బామ్మగారేమన్నారు?" అని. ఆవిడ మాత్రం కళ్ళజోడు పెట్టుకుని, నా పక్కన కూర్చుని, "ఇంకోటి చదువు" అంటున్నారు.