పసుపు గీత

1993 ఏప్రిల్లో మా అమ్మాయి లెక్కల నోటు వెనక అట్ట మీద నేనే దగ్గరుండి రాయించాను: "1993జె. రెండో రకం సూపర్నోవా." అప్పుడామెది తొమ్మిదో తరగతి. హోసూరులో మా ఇంట్లో మాట తెలుగు, పిల్లల రాత తమిళం. ఆ ముక్క కూడా తమిళ అక్షరాల్లోనే రాసుకుంది.

ఆ మార్చి 28న స్పెయిన్‌లో గార్సియా అనే ఔత్సాహికుడు, సప్తర్షి మండలం దిక్కున ఉన్న ఎం 81 గెలాక్సీలో ఆ కొత్త చుక్కను పట్టుకున్నాడు. దూరం సుమారు కోటీ ఇరవై లక్షల కాంతి సంవత్సరాలు. పేలిన నక్షత్రం ఏ రకమో ఉత్తి చుక్కను చూసి చెప్పలేరు. దాని వెలుగును రంగులుగా విడదీసి, ఆ వర్ణపటంలో ఏ మూలకాల గీతలున్నాయో చూడాలి. నోరు తెరవగానే మనిషి చిత్తూరువాడో బళ్ళారివాడో మనం పోల్చుకోమూ, అలాగే. హైడ్రోజన్ ఉంటే రెండో రకం, లేకుంటే ఒకటో రకం. 1941లో మింకోవ్‌స్కీ చేసిన విభజన ఇది. ఒకటో రకంలో మళ్ళీ సిలికాన్ గట్టిగా ఉంటే ఒకటి-ఎ, అది లేక హీలియం ఉంటే ఒకటి-బి, రెండూ లేకుంటే ఒకటి-సి. గీతలంటున్నాను గాని అవి సన్నగా ఉండవు. వాయువులు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో ఎగిసిపోతుంటాయి కనక, ఒక్కో గీత సాగి గుట్టలా లేచి, నీలం వైపున గుంట పడి ఉంటుంది.

1993జెలో హైడ్రోజన్ కనిపించింది. రెండో రకమన్నారు. పేపరులో చదివి నేనూ అన్నాను.

కొన్ని వారాలకే హీలియం గీతలు బయటపడ్డాయి. పైనున్న హైడ్రోజన్ పలచని పొరే! మిగతాది తోడునక్షత్రం లాక్కుని ఉంటుందన్నారు. 2004లో ఆ తోడు ఆచూకీ కూడా దొరికింది. రకం పేరు "రెండు-బి"గా మారింది. ఈ సంగతి నాకు తెలిసేసరికి అమ్మాయి పదో తరగతి పరీక్షలకు రెండు నెలలుంది.

నోటు వెతికించి దిద్దుకోమన్నాను.

"మొదట చూసినవాళ్ళది తప్పా నాయనా?"

"కాదు. చూసినంత మట్టుకు నిజమే. మళ్ళీ చూశారు."

ఊరుకోలేక ఇంకో కథ ఎత్తాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. ఆ గ్రహణంలో సూర్యుడి అంచున కనిపించిన పసుపు గీత సోడియందని మొదట అనుకున్నారు. కాదని ఆ ఏడాదే ఇంగ్లండులో లాక్యర్ తేల్చాడు. అదే హీలియం. భూమ్మీద 1895లో గాని చేజిక్కలేదు. 1993జె రకాన్ని మార్చిన గీతల్లో ఆ పసుపు గీతా ఒకటి.

"గుంటూరులో మనకెవరున్నారు?" అంది.

"ఎవరూ లేరు. అక్కడ మన మాటే మాట్లాడతారు."

"మరి బడి రికార్డులో నాది తమిళమని ఉందే?"

బడిలో చేర్చిననాడు గుమాస్తా పేరడిగితే పిల్ల తమిళంలో జవాబిచ్చింది. ఆయన మాతృభాష గడిలో తమిళమని రాసేశాడు. ఎదురుగా నిలబడి చూశాను. పోనీలే, ఏం నష్టం అనుకున్నాను. ఇప్పుడు సర్టిఫికెట్టులోకీ అదే ఎక్కుతుంది.

మర్నాడు బడికి వెళ్ళాను. గుమాస్తా సెలవన్నారు. సోమవారం మళ్ళీ వెళ్ళాను.