దీపాలు పెట్టిన తరువాత

మా తాతగారు హిందూపురం నుండి బెంగుళూరు వచ్చి బసవనగుడిలో ఇల్లు కట్టినప్పుడు పెరట్లో బావి త్రవ్వించినారు. నీళ్ళు కొబ్బరినీళ్ళే. వీధిలో నాలుగిళ్ళవారు వచ్చి తోడుకొనేవారు. మా నాయనమ్మ ఎవరినీ కాదనేది కాదు. అయితే ఒక్క నియమం పెట్టింది. దీపాలు పెట్టిన తరువాత ఎవరూ చేద వేయరాదు. "రాత్రంతా ఊరనివ్వండర్రా" అనేది. ఆ మాట విలువ నాకు డెబ్బై ఏళ్ళు వస్తేగాని తెలిసిరాలేదు. తెలియజేసినది మా అమ్మాయి.

మా అమ్మాయి క్లినికల్ సైకాలజిస్టు. అంటే మందులిచ్చే డాక్టరు కాదు. మనసుకు వచ్చిన బాధ ఎటువంటిదో పరీక్షలతో కనిపెట్టి, మాటలతో చికిత్స చేసే మనిషి. ఈ విద్యకు మన ఊరు పుట్టినిల్లు వంటిది. 1954లో హోసూరు రోడ్డున అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వెలసినది. డాక్టర్ ఎం. వి. గోవిందస్వామిగారు దానికి మొదటి డైరెక్టరు. 1955లోనే అక్కడ ఈ చదువు మొదలుపెట్టినారు. 1974లో ఆ సంస్థే నిమ్హాన్స్ అయినది. మా చిన్నతనంలో ఆ ప్రక్కగా బస్సు పోతుంటే పెద్దలు గొంతు తగ్గించి మాట్లాడేవారు. అటువంటి చదువు మా పిల్ల చదివి, ఊళ్ళో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం సంపాదించినప్పుడు నా గర్వం ఇంతా అంతా కాదు.

గర్వం ఉన్నచోట బుద్ధి కొంచెం తక్కువగా ఉంటుంది కాబోలు. పెళ్ళిళ్ళలో, పార్కులో, ఎవరు కష్టం చెప్పుకొన్నా, "ఆదివారం మా ఇంటికి రండి, మా అమ్మాయి ఒక్క మాట చెబితే చాలు" అనేవాడిని. వచ్చేవారు. ఒకరి కొడుకు గది తలుపు తెరవడు. ఒకరి కోడలికి రాత్రులు నిద్ర లేదు. ఒకామెకు భర్త పోయినప్పటి నుండి అన్నం సయించదు. మా ఆవిడ కాఫీలు కలిపేది, మా అమ్మాయి వినేది. వారంలో ఆరు రోజులు ఆసుపత్రిలో వినే మనిషి ఏడవ రోజు ఇంట్లో వినేది. వాళ్ళు వెళ్ళేటప్పుడు దండం పెట్టేది నాకు!

"తెలిసినవారికి, బంధువులకు చికిత్స చేయడం మా వృత్తిలో తప్పు నాన్నా" అని రెండు మూడుసార్లు చెప్పి చూచింది. "చికిత్స ఎవరు చేయమన్నారు? ఊరికే విను. దయ అనేది తోడినకొద్దీ ఊరుతుంది" అన్నాను. వినడమంటే ఊరికే జరిగే పని అని నా ఉద్దేశం.

ఒక ఆదివారం నా పినతల్లి కూతురు వచ్చింది. కొడుకు సంగతి చెబుతూ రెండు గంటలసేపు ఏడ్చింది. ఆమె వెనుక గోడమీద గడియారం ఉన్నది. మా అమ్మాయి కళ్ళు మాటిమాటికీ దానిమీదికి పోవడం నేను చూచినాను. ఆమె గేటు దాటగానే మండిపడినాను.

"ఆ తల్లి అంతగా ఏడుస్తుంటే నువ్వు గడియారం చూస్తావా? ఇదేనా నువ్వు చదివిన చదువు?"

మా అమ్మాయి వాదించలేదు. "చూచినాను నాన్నా. అత్త ఏడుస్తున్నది, ఎప్పుడు లేస్తుందా అని నేను చూస్తున్నాను. ఆసుపత్రిలోనూ ఇంతే. రెండు నెలలుగా ఎవరు ఏడ్చినా నాకేమీ అనిపించడం లేదు. నోరు సరైన మాటలే అంటున్నది, లోపల మాత్రం ఏమీ లేదు. నాకు భయంగా ఉంది. ఉద్యోగం మానేస్తాను" అన్నది.

నాకు నోట మాట రాలేదు.

దానికి ఒక పేరున్నదని తరువాత ఆమే చెప్పింది. ఇంగ్లీషులో కంపాషన్ ఫెటీగ్ అంటారట. జాలిపడి జాలిపడి మనసు అలసిపోవడం అన్నమాట. 1992లో అమెరికాలో కార్లా జాయిన్సన్ అనే ఆమె నర్సుల అవస్థను గురించి వ్రాస్తూ ఈ మాట వాడింది. 1995లో చార్లెస్ ఫిగ్లీ అనే మనస్తత్వవేత్త దీనిమీద ఒక గ్రంథమే తెచ్చినాడు. పని ఎక్కువై వచ్చే విసుగు వేరు, ఇది వేరు. ఇతరుల దుఃఖాన్ని దినదినమూ దగ్గర కూర్చుని వినడం వలన వచ్చేది ఇది. నిద్ర పట్టదు. విన్న సంగతులు కలలోకి వస్తాయి. చీటికిమాటికి కోపం వస్తుంది. ఆపైన మనసు మొద్దుబారుతుంది. అది నిర్దయ కాదు. గునపం పట్టిన చేతికి కాయలు కాచినట్లు, మనసు తన్ను తాను కాపాడుకొనే తీరు అది.

మరి ఇంట్లోనైనా చెప్పుకోరాదా అంటే, దానికీ వీలులేదు. రోగి చెప్పినది బయటికి పొక్కరాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఆ హక్కు ఇచ్చింది. "ఇవాళ ఏం జరిగిందమ్మా?" అంటే "ఏమీ లేదు నాన్నా" అనే ఆమె జవాబును నేను ఇన్నాళ్ళూ పొగరనుకొన్నాను.

వచ్చేవారికి కొదవ లేదు. 2015-16లో నిమ్హాన్స్ వారు 12 రాష్ట్రాలలో విచారించగా, పెద్దలలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నదని తేలింది. చికిత్స చేయగల క్లినికల్ సైకాలజిస్టులు లక్షమందికి ఒక్కరైనా లేరు. ఉన్న బావులు తక్కువ, కడవలు ఎక్కువ. అందులో ఆదివారపు కడవలు నేను పంపినవి.

మా అమ్మాయి ఉద్యోగం మానలేదు. పైవారితో చెప్పి కొన్నాళ్ళు కేసులు తగ్గించుకొన్నది. వారానికొకసారి ఒక సీనియరు వద్ద కూర్చుని, రోగుల పేర్లు ఎత్తకుండా, తాను మోస్తున్న బరువు చెప్పుకొంటుంది. ఈ వృత్తిలో అది ఉండవలసిన పద్ధతేనట, పని తొందరలో జారవిడిచినదట. తన కోసం మరొక సైకాలజిస్టు దగ్గరకు కూడా పోయింది. వైద్యురాలికి వైద్యమా అని నవ్వబోయి, నోరు మూసుకొన్నాను.

నేను చేసినదల్లా ఆదివారపు కచేరీ ఎత్తివేయడం. ఎవరైనా అడిగితే 14416 అనే నంబరు చెబుతున్నాను. అది టెలి మానస్. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించింది. రాత్రింబగళ్ళు పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడుతారు, డబ్బు తీసుకోరు. కొందరికి కోపం వచ్చింది. నా పినతల్లి కూతురు మూడు నెలలు మాటలాడలేదు. ఆ కోపం నేను పడవలసినదే.

మా అమ్మాయికి పూర్తిగా నయమైనదని చెప్పను. మొన్న ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, చెప్పులైనా విడవకుండా గడపలో నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఎందుకని మేమడగలేదు. అడిగినా చెప్పరాదు గదా. మా ఆవిడ చారన్నం కలిపి పెట్టింది. తిని పడుకొన్నది. "ఏడవగలిగింది, మంచిదే" అన్నది మా ఆవిడ.

మన కుటుంబాలలో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, ఇటువంటి బిడ్డలూ ఉన్నారు. వాళ్ళను చూచి గర్వపడండి, తప్పులేదు. కాని దీపాలు పెట్టిన తరువాత చేద వేయకండి.